ఓనరు వచ్చేదాకా ఇంజన్ విప్పవద్దు

విజయవాడ ఆటోనగర్‌లో లారీ ఇంజన్ల షెడ్డు పెట్టి 27 ఏళ్ళయింది. పిస్టన్ రింగులు ఎలా ఎక్కించాలో, హెడ్డు బోల్టులు ఏ వరుసలో బిగించాలో మా మేస్త్రి నాకు నేర్పాడు. బిల్లు చేతిలో పెట్టాక ఓనరు ముఖం ఎర్రబడితే ఏం చేయాలో మాత్రం నేర్పలేదు. ఆయనకూ తెలియదు. గొంతు పెంచేవాడు. అవతలివాడు ఇంకా పెంచితే చేతిలో ఉన్న స్పానరు నేలకేసి కొట్టేవాడు. చాలా ఏళ్ళు నేనూ అదే చేశాను. ఇప్పుడు నాకు ఒక నియమం ఉంది. మా వీధిలో దాన్ని మెచ్చుకునేవాళ్ళు తక్కువే. నేను పని చేసిన బండి చెడిపోయి తిరిగి వస్తే, ఓనరు స్వయంగా వచ్చి ఎదుట నిలబడేదాకా ఒక్క నట్టు కూడా విప్పను.

ముందుగా లారీ గొడవ సంగతి చెప్పాలి, ఎందుకంటే అది కారు గొడవ లాంటిది కాదు. కారు షెడ్డులో ఉంటే దాని ఓనరు ఆటో ఎక్కి ఆఫీసుకు వెళ్తాడు. నెలకు 55 వేల కిస్తీ ఉన్న లారీ షెడ్డులో నిలబడితే కిస్తీ ఒక్కటే రోజుకు 1,800 రూపాయల పైచిలుకు. దానికి డ్రైవరు బత్తా, ఇన్సూరెన్సు, పన్ను కలుస్తాయి. కిరాయి ఎలాగూ పోయింది. పైగా సరుకు పంపే కంపెనీ వేరే బండిని పెట్టుకుంటే ఆ తర్వాతి కిరాయి కూడా పోయినట్టే. ఆ లెక్కంతా కళ్ళలో పెట్టుకుని వచ్చిన మనిషి నా బిల్లులో గ్యాస్కెట్టు ధర పట్టుకుని అరుస్తాడు. నేను కూడా ఆ గ్యాస్కెట్టు ధర గురించే జవాబు చెప్పేవాణ్ణి. కంపెనీ రేటు ఇది, దుకాణం బిల్లు ఇదిగో అని. ఆయన మాట్లాడుతున్నది బండి షెడ్డులో నిలబడిపోయిన 11 రోజుల గురించి అని అర్థం కావడానికి నాకు పదేళ్ళు పట్టింది.

ఇక నా మొండితనం ఎక్కడ మొదలైందో చెబుతాను.

2012 వేసవి. అద్దంకి వైపు ఓనరు, రెండు బండ్లు. చీమకుర్తి నుంచి కృష్ణపట్నం పోర్టుకు గ్రానైటు దిమ్మలు తోలేవాడు. ఆరు సిలిండర్ల ఇంజన్ బోరుకు వచ్చింది, అంటే సిలిండర్లు అరిగిపోయాయి. నీలం పొగ, తెల్లవారేసరికి లీటరు ఆయిలు గల్లంతు. కిట్టు, అంటే పిస్టన్లూ లైనర్లూ రింగులూ, మార్చాం, క్రాంకు లేతుకు పంపాం, పంపు షాపులో పంపూ నాజిల్సూ సరిచేయించాం. లక్షా పాతిక వేల బిల్లు. కొత్తగా పని చేసిన ఇంజన్‌ను మొదటి 2,000 కిలోమీటర్లు తక్కువ లోడుతో, నెమ్మదిగా నడపమని చెప్పి పంపాను. చెప్పింది డ్రైవరుకు. ఓనరుకు కాదు. అది మొదటి తప్పు.

పంతొమ్మిదో రోజు కావలి దాటాక నిండు లోడుతో ఇంజన్ పట్టేసింది. దిమ్మలు వేరే బండికి ఎక్కించి, 200 కిలోమీటర్లకు పైగా ఈడ్పించుకుని మా షెడ్డుకు తెచ్చారు. సాయంత్రం ఆరు గంటలకు బండి వచ్చింది. ఓనరు మర్నాడు వస్తానన్నాడు. నాకేమో రాత్రి నిద్ర పట్టదు కదా, మన పనిలో తేడా వచ్చిందేమోనని. కుర్రాళ్ళను కూర్చోబెట్టి హెడ్డు దింపించాను, అడుగున ఆయిలు ఉండే సంపు విప్పించాను. ఆరింట్లో నాలుగు పిస్టన్లు గీతలు పడి ఉన్నాయి. బిగింపులో తేడా ఉంటే సాధారణంగా ఒకటి రెండు సిలిండర్లలోనే కనిపిస్తుంది. ఇన్నిట్లో ఒకేసారి ఇలా గీరుకుందంటే నీళ్ళు తిరగక వేడెక్కిందని అర్థం. ముందుకెళ్ళి చూస్తే ఫ్యాన్ బెల్టు తెగి వేలాడుతోంది. ఆ బెల్టే నీళ్ళ పంపును కూడా తిప్పుతుంది. అది తెగాక డ్రైవరు బండి ఆపలేదు. ఆపాలని ఆయనకు తెలిసే దారీ లేదు, టెంపరేచర్ మీటరు ఎప్పటి నుంచో పనిచేయడం లేదు. హమ్మయ్య అనుకున్నాను. తప్పు మనది కాదు. ఇంటికెళ్ళి పడుకున్నాను.

పొద్దున ఓనరు నలుగురిని వెంటేసుకుని వచ్చాడు. నేను చెప్పడం మొదలుపెట్టాను. ఆయన ఒకే మాట అడిగాడు: "నేను రాకుండా ఎందుకు విప్పారు మేస్త్రి గారూ?"

బెల్టు చూపిద్దామని వెతికితే లేదు. రాత్రి షెడ్డు ఊడ్చిన కుర్రాడు పాత బెల్టుల కుప్పలో పడేశాడు. ఆ కుప్పలోంచి మూడు తెగిన బెల్టులు తీసి ఇదేనన్నాను, కాదు ఇది అన్నాను. నాకే నవ్వొచ్చే పరిస్థితి, కానీ ఎవరూ నవ్వలేదు. డ్రైవరును పిలిచి అడిగితే బెల్టు బాగానే ఉందన్నాడు. అనక ఏం చేస్తాడు? ఉద్యోగం పోతుంది. మూడు రోజులు పెద్దమనుషుల దగ్గర పంచాయితీ జరిగింది. చివరికి కొత్త కిట్టు ఖర్చు, లేతు పని, కూలీ అంతా కలిపి 70 వేలు నేను పెట్టుకున్నాను. నిజం నా వైపు ఉంది. నేనే దాన్ని రాత్రికి రాత్రి విప్పి ముక్కలు చేసి పెట్టాను. ఆ ఓనరు మళ్ళీ మా షెడ్డు మెట్టెక్కలేదు.

నాలుగేళ్ళ తర్వాత జగ్గయ్యపేట వైపు సిమెంటు తోలే బండి ఒకటి. పని చేసి పంపిన ఎనిమిదో రోజున కింద నుంచి టకటక శబ్దం, ఆయిల్ ప్రెషర్ పడిపోయింది. ఈసారి దేన్నీ ముట్టకుండా ఓనరు కోసం కూర్చున్నాను. ఆయన మధ్యాహ్నం వచ్చాడు. కుర్చీ వేసి, టీ తెప్పించి, ఆయన కళ్ళ ముందే సంపు దింపాం. ఆయిలు లాగే స్ట్రెయినరు నోట్లో నల్లగా ఏదో కుక్కి ఉంది. మా కుర్రాడు చేయి పెట్టి లాగితే గుప్పెడు కాటన్ వేస్టు. ఇంజన్ తుడిచినప్పుడు మావాళ్ళే లోపల మరిచిపోయారు. ఆయిలు అందక బేరింగులు కరిగిపోయాయి.

ఆ క్షణంలో నా ముఖం ఎంత చిన్నబోయిందో చెప్పలేను. షెడ్డులో ఆరుగురం ఉన్నాం, ఒక్కరి నోట మాట లేదు. ఆయన ఆ నల్లటి గుడ్డ ముద్ద చేతిలోకి తీసుకుని చూసి, "ఎన్ని రోజులు పడుతుంది?" అన్నాడు. నాలుగు రోజులన్నాను, మీరు రూపాయి ఇవ్వక్కరలేదన్నాను, ఆ నాలుగు రోజుల కిస్తీ కూడా నేను కడతానన్నాను. కిస్తీ వద్దన్నాడు. పది నిమిషాల్లో గొడవ ముగిసింది. అసలు గొడవ మొదలే కాలేదు. ఆయన మూడు బండ్లు ఇప్పటికీ మా దగ్గరికే వస్తాయి. వచ్చినప్పుడల్లా "లోపల గుడ్డలేమీ పెట్టలేదు కదా" అని అడుగుతాడు. పడాలి, పడతాను.

తప్పు లేనప్పుడు 70 వేలూ ఒక ఓనరూ పోయారు. తప్పున్నప్పుడు ఓనరు మిగిలాడు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చూశాకే నా నియమం పుట్టింది.

మా పక్క షెడ్డు మిత్రుడు దీన్ని ఒప్పుకోడు. "ఓనరు ఎదురుగా విప్పడమంటే కత్తి తీసి ఆయన చేతిలో పెట్టడం. ముందు మనం చూసుకుంటే ఏం చెప్పాలో సిద్ధంగా ఉండవచ్చు" అంటాడు. ఆయన వాదనలో బలం లేకపోలేదు. ఓనరుకు ఇంజన్ తెలియదు, కనిపించిన ప్రతి గీతనూ తప్పు కిందే లెక్క వేస్తాడు. పాత క్రాంకు మీద పాత మచ్చ చూసి కూడా మీరే చేశారంటాడు. నిజమే. కానీ సిద్ధంగా ఉన్న మాట ఓనరు చెవికి ఎలా వినిపిస్తుందో మిత్రుడు ఆలోచించడు. రాత్రంతా కూర్చుని కుట్టిన కథలాగే వినిపిస్తుంది. అది నిజమైనా సరే. మచ్చ ఎందుకు పడిందో అప్పటికప్పుడు, చేతికి మసి అంటుకుని ఉండగా చెబితే నమ్మే మనిషే, మర్నాడు తుడిచి బల్ల మీద వరుసగా పేర్చిన సామాను చూపిస్తే నమ్మడు. నాకు తెలిసిన ఓనర్లలో ఎక్కువమంది ఒకప్పుడు డ్రైవర్లుగా, క్లీనర్లుగా పని చేసినవాళ్ళే. మనం అనుకున్నంత తెలియనివాళ్ళు కారు.

మొదటిసారి పనికి వచ్చిన బండికీ ఇదే నియమం, కొంచెం సడలించి. ఓనరు సూర్యాపేటలో ఉంటాడు, కాకినాడలో ఉంటాడు, ప్రతిసారీ రాలేడు. అప్పుడు విప్పేటప్పుడు వీడియో కాల్ చేస్తాం. అది ఎదురుగా ఉండటంతో సమానం కాదు, ఫోనులో అన్ని లైనర్లూ ఒకేలా మెరుస్తాయి. అందుకని తీసిన పాత సామాను మొత్తం గోనెసంచిలో కట్టి, బండి నంబరు రాసి, బిల్లుతో పాటే బండిలో ఎక్కిస్తాం. తుక్కు కింద అమ్మితే మా కుర్రాళ్ళకు టిఫిన్ ఖర్చు వచ్చేది. దానికి వాళ్ళు నా మీద ఇప్పటికీ గుర్రుగా ఉన్నారు. కానీ "మార్చకుండానే మార్చామని రాశారు" అనే మాట నేను విని చాలా ఏళ్ళయింది.

లేతు సంగతీ ఇంతే. ఆటోనగర్‌లో ఒక ఇంజన్ పని ఒక షెడ్డులో పూర్తి కాదు. క్రాంకు ఒక చోట, పంపు ఒక చోట, రేడియేటరు మరో చోట, సెల్ఫూ డైనమో ఇంకో చోట. ఏదైనా చెడితే "అది లేతువాడి పని, ఆయన్ని అడగండి" అనడం మాకు అలవాటు. ఓనరు లేతువాడి ముఖం చూసి బండి ఇవ్వలేదు, నా ముఖం చూసి ఇచ్చాడు. ఆయనతో నేను తేల్చుకుంటాను, తర్వాత లేతువాడితో నేను పోట్లాడతాను. ఆ పోట్లాటకు ఓనరును తీసుకెళ్ళను.

ఇక్కడ డ్రైవరు గురించి చెప్పకుండా ముందుకెళ్తే అబద్ధం అవుతుంది. సామాను దుకాణాల్లో డ్రైవరుకు కమీషన్ ఉంటుంది. షెడ్డుల్లోనూ ఉంటుంది. నేనూ ఇచ్చాను, చాలా ఏళ్ళు ఇచ్చాను. బిల్లులో ఎక్కడో రెండు మూడు వేలు కలిపి, డ్రైవరు జేబులో పెట్టేవాణ్ణి. బండి మళ్ళీ నా దగ్గరికే తెస్తాడని. ఓనర్లకు ఇది తెలియదనుకోవడం మా అమాయకత్వం. వాళ్ళకు తెలుసు, ఎంతో తెలియదు. ఎంతో తెలియదు కాబట్టి మొత్తం బిల్లునే అనుమానిస్తారు. లక్ష బిల్లులో 2 వేలు దాచినందుకు మిగిలిన 98 వేలకూ సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చేది. మానేశాను. మానేసిన ఏడాది బండ్లు తగ్గాయి, ఆ మాట దాచను. కొందరు డ్రైవర్లు మా వీధిలోకే రాలేదు. ఉన్న బండ్ల మీద గొడవలు మాత్రం సగానికి సగం తగ్గాయి.

ఇక బండి ఆపడం. బిల్లు కట్టకపోతే బండి కదలనివ్వం అనేది మా అందరి బ్రహ్మాస్త్రం. బ్యాటరీ తీసి లోపల పెట్టేవాళ్ళున్నారు, చక్రం విప్పేవాళ్ళున్నారు. ఇది మా హక్కు అని గట్టిగా చెబుతారు. హక్కు ఉన్న మాట నిజమే. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 170వ సెక్షను ప్రకారం, అప్పగించిన వస్తువు మీద శ్రమో నైపుణ్యమో పెట్టి పని చేసినవాడు తన కూలి వచ్చేదాకా ఆ వస్తువును తన దగ్గర ఉంచుకోవచ్చు. ఓ కేసు పనిలో ఒక వకీలు గారు నాకు ఆ పేజీ చదివి వినిపించారు. అందులోనే ఉన్న ఉదాహరణ మావాళ్ళలో ఎవరికీ తెలియదు. ఒకాయన కోటు కుట్టమని దర్జీకి గుడ్డ ఇచ్చాడు. కుట్టగానే ఇస్తాననీ, డబ్బుకు మూడు నెలల గడువు ఇస్తాననీ దర్జీ ఒప్పుకున్నాడు. అప్పుడు ఆ దర్జీకి కోటు ఆపే హక్కు లేదు.

మనం అందరం ఆ దర్జీలమే. "ఫర్వాలేదు, వచ్చే నెల కిరాయి వచ్చాక ఇవ్వండి" అని మొదటి రోజే అంటాం, చివరి రోజు తాళం దాచేస్తాం. ఇంకోటి, ఆ హక్కు ఈ పని తాలూకు కూలికే. నిరుడు చేసిన క్లచ్చు పని బాకీ కోసం ఇప్పుడు ఇంజన్ పనికి వచ్చిన బండిని ఆపడం కుదరదు. అలా మొత్తం ఖాతా బాకీకి వస్తువును ఆపే హక్కు 171వ సెక్షనులో బ్యాంకులు మొదలైన కొందరికే ఉంది. మనకు కావాలంటే ముందే స్పష్టంగా ఒప్పందం చేసుకుని ఉండాలి. మన దగ్గర ఒప్పందం అంటే సిగరెట్టు పెట్టె అట్ట మీద రాసిన అంకెలు.

హక్కు ఉన్న చోట కూడా నేను దాన్ని వాడటం మానేశాను. ఒకసారి 38 వేల కోసం ఒక బండిని నాలుగు నెలలు ఆపాను. షెడ్డులో చోటు పోయింది, రోజూ దాన్ని చుట్టి వెళ్ళాలి. బ్యాటరీ చచ్చింది, టైర్లలో గాలి దిగి పగుళ్ళు వచ్చాయి. ఐదో నెలలో కిస్తీలు కట్టలేదని ఫైనాన్సు వాళ్ళు కాగితాలు పట్టుకుని వచ్చి నిలబడ్డారు. తిరగని లారీ కిస్తీ ఎక్కడి నుంచి కడుతుంది, నా 38 వేలు ఎక్కడి నుంచి ఇస్తుంది? ఇప్పుడైతే సగం తీసుకుని, మిగతా దానికి తేదీతో సహా రాయించుకుని బండి వదిలేస్తాను. గడువేమీ అనుకోని కూలి డబ్బుకు దావా వేయడానికి పని చేసిన రోజు నుంచి 3 ఏళ్ళ వ్యవధి ఉంటుంది. నేను ఇంతవరకు వేయలేదు, కానీ రాసిన కాగితం ఉందని తెలిస్తే ఫోను ఎత్తే పద్ధతి మారుతుంది.

అవతలి పక్షానికీ ఒక దారి ఉంది, మావాళ్ళు దాన్ని తేలిగ్గా తీసుకుంటారు. "లారీ వ్యాపారానికి వాడేది, వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళలేరు" అని ధీమాగా అంటారు. యాభై బండ్ల ట్రాన్స్‌పోర్టు కంపెనీ విషయంలో మామూలుగా అది నిజమే. సొంత బండిని తానే నడుపుకుంటూ పొట్టపోసుకునే మనిషి విషయంలో కాదు. స్వయం ఉపాధితో జీవనం కోసమే వాడుకుంటే అది వ్యాపార ప్రయోజనం కిందికి రాదని 2019 చట్టం చెబుతోంది. లారీ కొని తానే తోలుకునేవాడు వినియోగదారుడేనని 1995లోనే లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు అంది. అంటే గట్టిగా అరిచే పెద్ద కంపెనీకి లేని తలుపు, అరవలేని ఒంటి బండి ఓనరుకు తెరిచి ఉంది. నాకిది న్యాయంగానే అనిపిస్తుంది, నేను ఎదుటి బోనులో నిలబడాల్సినవాణ్ణయినా.

2020 ఏప్రిల్ తర్వాత, పొగ కాలుష్యం తగ్గించే కొత్త ప్రమాణంతో వచ్చిన బీఎస్-6 బండ్లతో గొడవల రంగు మారింది. ఇదివరకు పొగ చూసి చెప్పేవాళ్ళం. నలుపైతే గాలి అందడం లేదు లేదా డీజిలు ఎక్కువ పడుతోంది, నీలమైతే ఆయిలు కాలుతోంది, తెలుపైతే నీళ్ళు లోపలికి వస్తున్నాయేమో చూడాలి. ఇప్పుడు పొగ లేదు. డాష్‌బోర్డులో ఒక లైటు వెలుగుతుంది, పొగను శుభ్రం చేయడానికి యూరియా ద్రవం వాడే ఆడ్‌బ్లూ వ్యవస్థలో ఏదో తేడా అంటుంది, పట్టించుకోకపోతే బండి బలం తగ్గించుకుని గేదెలా నడుస్తుంది. స్కానరు పెడితే కోడ్ వస్తుంది. కోడ్ జబ్బు పేరు చెప్పదు, నొప్పి ఎక్కడుందో చెబుతుంది. ఆ చోట ఉన్నది సెన్సరు కాబట్టి వేల రూపాయలు పోసి సెన్సరు మారుస్తాం. బండి గేటు దాటకముందే లైటు మళ్ళీ వెలుగుతుంది. అసలు తేడా తెగిన వైరులోనో, ట్యాంకులో పోసిన నాసిరకం ద్రవంలోనో ఉంటుంది.

ఆ సెన్సరు డబ్బు ఎవరిది? ఓనరుదే అంటారు మావాళ్ళు, కొత్త సామాను బండిలోనే ఉంది కదా అని. నేను ఒప్పుకోను. "మార్చి చూద్దాం" అన్నది నేను. నా ఊహకు ఆయన ఎందుకు డబ్బు కట్టాలి? ఊహ అని ముందే చెప్పి, తప్పితే ఎవరి ఖర్చో రాసుకుని మారిస్తే సరే. చెప్పకుండా, తెలిసినట్టు ముఖం పెట్టి మారిస్తే అది నా ఖాతాలోదే. దీనివల్ల ఒక మేలు జరిగింది. డబ్బు నాదని తెలిశాక మా కుర్రాళ్ళు సెన్సరు జోలికి పోయే ముందు మీటరు తీసుకుని వైర్లు చూడటం నేర్చుకున్నారు.

డీజిలు, స్టెప్నీ, సరుకు మీద కప్పే పట్టాలు, తాళ్ళు. వీటి మీద వచ్చినన్ని చిల్లర తగాదాలు ఇంజన్ మీద రావు. బండి లోపలికి వచ్చినప్పుడే డ్రైవరు ముందు నాలుగు ఫోటోలు తీసి ఓనరుకు పంపితే చాలు. ఇంతకు మించి దీనికి మాటలు ఖర్చు చేయను.

ఇదంతా చదివి ఓనర్లందరూ దేవుళ్ళని నేనంటున్నట్టు అనుకోకండి. బయట దుకాణంలో చవక రకం పిస్టన్లు తానే కొని తెచ్చి, అవి పగిలితే కూలీ నాది కాబట్టి తప్పూ నాదే అన్నవాడున్నాడు. సామాను మీరు తెస్తే నా కూలీకి మాత్రమే నేను పూచీ అని ఇప్పుడు గోడ మీద రాయించాను. బిల్లు వద్దు, పన్ను మిగులుతుంది అని బతిమాలినవాళ్ళున్నారు. సామాను మీద చాలావాటికి 28 శాతం ఉన్న రోజుల్లో ఆ బాధ అర్థమయ్యేది. 2025 సెప్టెంబరు 22 నుంచి అదీ 18కి దిగింది, అయినా అడుగుతారు. వాళ్ళే రేపు పంచాయితీలో "కాగితం ఏదీ?" అంటారు. అలాంటివారికి వేరే షెడ్డు దారి చూపిస్తాను. ఆడ్‌బ్లూ వ్యవస్థను మోసం చేసే పెట్టె బిగించమని వచ్చేవాళ్ళకూ అంతే.

ఇది రాస్తుంటే బయట ఒక బండి నిలబడి ఉంది. ఆరు వారాల కిందట మేము హెడ్డు పని చేసిందే. రేడియేటరులో ఆయిలు తేలుతోంది. మేము వేసిన హెడ్డు గ్యాస్కెట్టు కావచ్చు, ఆయిల్ కూలరు కావచ్చు. మొదటిదైతే మా తప్పు, రెండోదైతే కాదు. ఓనరు పొద్దుటి నుంచి మూడుసార్లు ఫోను చేశాడు. "మీరు విప్పేయండి బాబాయ్, నాకు నమ్మకమే, రోజు వృథా అవుతుంది" అంటున్నాడు. కూలరు విప్పి చూడటానికి గంట పని. మా పెద్ద కుర్రాడు స్పానరు చేతిలో పట్టుకుని రెండుసార్లు నా ముఖం చూశాడు. రాత్రి నల్గొండలో బస్సెక్కి రమ్మన్నాను. టికెట్టు డబ్బు నేనిస్తానన్నాను.